పంచాంగంలో దాచిన కార్బన్ కాగితం

ఈ వారం ఉత్తరం రాసినావిడ యాభై దాటిన స్కూలు టీచరు. పేరు వెయ్యొద్దన్నారు. ఊరు, శాఖ, ఏడాది నేనే తీసేశాను. విషయం మాత్రం ఆవిడ రాసినట్టే క్లుప్తంగా చెబుతున్నాను.

ఆవిడ నాన్నగారికి ఎనభై ఆరేళ్లు. ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. కిందటి కార్తీకంలో ఒక రాత్రి మంచం కింది ట్రంకుపెట్టె లాగించి, అట్ట ఊడిన పాత పంచాంగం తీయించి, అందులోంచి వాడేసిన కార్బన్ కాగితం ఒకటి బయటికి తీశారట. దాన్ని ట్యూబ్‌లైటుకు అడ్డంగా పట్టుకుని "చదువు" అన్నారట. నీలం మీద సన్నని వెలుతురు గీతల్లా అక్షరాలు కనపడ్డాయి. ఎనభైల్లో నానా గోలా అయిన ఒక కాంట్రాక్టు తాలూకు నోటు అది. అప్పట్లో ఆ నోటు పత్రికలో ఉన్నదున్నట్టు అచ్చయింది, ఒక పెద్దమనిషి పదవి పోయింది. లోపలి నుంచి దాన్ని బయటికి చేర్చినవాళ్లెవరో ఇంతవరకూ తెలియలేదు. "నేనే" అన్నారట నాన్నగారు.

అంతటితో అయిపోతే ఉత్తరం రాసి ఉండేవారు కాదు. పత్రికలో పడిన ఫొటోలో ఇంగ్లీషు 'ఇ' అక్షరం పక్కకు ఒరిగి ఉంది. ఆ ఒరుగుడు ఏ మిషనుదో ఆఫీసులో అందరికీ తెలుసు, ఆ మిషను మీద కూచునేది ఎవరో కూడా తెలుసు. టైపిస్టుకు ఛార్జి మెమో, సస్పెన్షను, ఎంక్వైరీ. లీకు చేశాడని రుజువు కాలేదు కానీ "నిర్లక్ష్యం" కింద రెండు ఇంక్రిమెంట్లు శాశ్వతంగా కోసి దూరపు జిల్లాకు పంపేశారు. ఆ మచ్చతోనే రిటైరై, ఆ మచ్చతోనే పోయారాయన. క్వార్టర్సులో వీళ్ల పక్కిల్లే వాళ్లది. ఉత్తరం రాసినావిడ ఆయన్ని బాబాయి అనేవారు. పిన్ని ఇప్పుడు వీళ్లకు రెండు వీధుల అవతలే ఉంటున్నారు. ఏటా సంక్రాంతికి వాళ్లింటికి బియ్యం బస్తా ఎందుకు వెళ్లేదో, వాళ్లబ్బాయి ఇంజనీరింగు ఫీజుకు నాన్న చీటీ పాడి మరీ డబ్బు ఎందుకిచ్చారో ఆవిడకు ఇప్పుడు అర్థమైంది.

న్యూజెర్సీలో ఉన్న అన్నయ్యకు సంగతి తెలిసి ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "నాన్న మన మార్క్ ఫెల్ట్! ఇలాంటిది దాచుకుంటారా ఎవరైనా?" అని పేపర్లో వేయిద్దామంటున్నాడు. నోటు అచ్చువేసిన రిపోర్టరు పోయారు. ఆయన దగ్గర పనిచేసినాయన ఒకరు ఆ రోజుల మీద పుస్తకం రాస్తూ, మొన్న ఫోను చేసి "మీ నాన్నగారేనా అమ్మా?" అని అడిగారు. తెలియదని పెట్టేశారీవిడ. అన్నయ్యకు చెప్పని సంగతి ఇంకొకటుంది. ఆ నోటు బయటికి వెళ్లడానికి నాలుగు నెలల ముందే నాన్నగారి ప్రమోషను తప్పించి, ఆ పెద్దమనిషి తన మనిషికి ఇప్పించుకున్నాడు. ఇది నిజాయితీయా, కసా?

ఉత్తరం ఆఖరి వాక్యం: "పొద్దున చెప్పేయమంటారు, సాయంత్రమైతే నోరు విప్పొద్దంటారు. నేను ఏ నాన్న మాట వినాలి?"

*

అమ్మా,

మా నాన్నగారు కూడా గుమాస్తాగానే జీవితం గడిపారు. ఆఫీసు సంగతి ఇంట్లో చెప్పడమంటే ఆయనకు చెప్పుల కాళ్లతో వంటింట్లోకి వచ్చినంత తప్పు. అందుకని నలభై ఏళ్లు నోరు కట్టుకున్న మనిషి ఒక రాత్రి ట్రంకుపెట్టె లాగించాడంటే ఎంత బరువు మోసి ఉంటారో నాకు కొంచెం తెలుసు.

ముందు మీ అన్నయ్య పోలిక చూద్దాం. అది పనికొచ్చే పోలికే. కాకపోతే ఆయనకు ఆ కథలో చప్పట్లు కొట్టే సీను ఒక్కటే గుర్తున్నట్టుంది.

మార్క్ ఫెల్ట్ అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐలో రెండో స్థానంలో ఉన్న అధికారి. 1972 జూన్ 17న వాషింగ్టన్‌లో వాటర్‌గేట్ భవనంలోని డెమోక్రాటిక్ పార్టీ ఆఫీసులో దొంగలు దొరికారు. ఆ కూపీ వైట్‌హౌస్ దాకా వెళుతోందని వాషింగ్టన్ పోస్ట్ రిపోర్టరు బాబ్ వుడ్‌వర్డ్‌కు చాటుగా దారి చూపిస్తూ వచ్చింది ఫెల్టే. వుడ్‌వర్డ్ బాల్కనీలో ఎర్ర జెండా గుచ్చిన పూలకుండీ చోటు మారిందంటే ఆ రాత్రి కలవాలని గుర్తు. కలుసుకునేది నది అవతల రాస్లిన్‌లో ఒక కారు పార్కింగు నేలమాళిగలో. 1974 ఆగస్టులో అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా చేశాడు. లోపలి మనిషికి పత్రికవాళ్లు పెట్టుకున్న మారుపేరు "డీప్ త్రోట్" ప్రపంచమంతా పాకింది. అసలు పేరు తెలియడానికి మాత్రం 2005 మే 31 దాకా పట్టింది. అప్పటికి ఫెల్ట్‌కు తొంభై ఒకటి. కాలిఫోర్నియాలో కూతురి దగ్గర ఉంటున్నాడు. గుమ్మంలో నిలబడి చెయ్యూపుతూ నవ్విన ఫొటో తర్వాత పత్రికల్లో వచ్చింది. మీ అన్నయ్య కళ్లలో ఉన్నది ఆ ఫొటోయే.

ఆ ఫొటోలో లేనివాళ్ల గురించి చెబుతాను, మీ ఉత్తరానికి జవాబు వాళ్ల దగ్గరుంది.

ముప్పై ఏళ్ల పాటు "ఫలానావాడే" అని పదిమంది వైపు వేళ్లు చూపించారు. నిక్సన్ సలహాదారు కిసింజర్ అన్నారు, వైట్‌హౌస్ అధికారి అలెగ్జాండర్ హేగ్ అన్నారు. ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో జర్నలిజం విద్యార్థులు ఏళ్ల తరబడి కాగితాలు జల్లెడ పట్టి 2003లో వైట్‌హౌస్ లాయరు ఫ్రెడ్ ఫీల్డింగ్ అని తేల్చేశారు. ఆయన కాదు. వీళ్లంతా పెద్దవాళ్లు, తట్టుకోగలరు. ప్యాట్రిక్ గ్రే సంగతి వేరు. ఏళ్ల తరబడి ఎఫ్‌బీఐని ఏలిన హూవర్ పోయాక దాని పగ్గాలు అందుకున్నది గ్రే. ఆ కుర్చీ తనదేననుకున్న ఫెల్ట్ ఆయన కిందే పనిచేయాల్సి వచ్చింది. లీకు చేసేది ఫెల్టేనని వైట్‌హౌస్ నుంచి గ్రేకు మళ్లీ మళ్లీ కబురొచ్చింది. గ్రే అడిగాడు, ఫెల్ట్ కాదన్నాడు, గ్రే నమ్మి వెనకేసుకొచ్చాడు. గ్రే చేతులు కూడా శుభ్రంగా లేవు లెండి, కొన్ని కాగితాలు తగలబెట్టి పదవి పోగొట్టుకున్నాడు. అయినా నమ్మిన మాట నమ్మిన మాటే. 2005లో నిజం బయటపడ్డప్పుడు ఆయన ముసలితనంలో, క్యాన్సరుతో ఉన్నాడు. టీవీ వాళ్లకు తన దిగ్భ్రమ చెప్పుకున్నాడు. తర్వాత కొద్ది రోజులకే, జూలై 6న పోయాడు. ఫెల్ట్ ఆయనతో నేరుగా ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేదని నాకెప్పుడూ అనిపిస్తుంది. పరాయివాళ్ల నోట వినడం వేరు, చేసినవాడి నోట వినడం వేరు.

మీ కథలో గ్రే స్థానంలో మంత్రీ లేడు, డైరెక్టరూ లేడు. ఉన్నది మీ పిన్ని.

నా జవాబంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది, ముందే చెప్పేస్తున్నాను. లోకానికి చెప్పాలా వద్దా అన్నది రెండో ప్రశ్న. మీరు దాన్ని మొదటి ప్రశ్న అనుకుంటున్నారు కాబట్టే నిద్రపట్టడం లేదు.

మన దగ్గరి కథ ఒకటి చూడండి. బోఫోర్స్. స్వీడన్ కంపెనీ నుంచి మన సైన్యానికి 410 శతఘ్నులు, రమారమి 1,437 కోట్ల రూపాయల ఒప్పందం, 1987 ఏప్రిల్‌లో స్వీడిష్ రేడియో బయటపెట్టిన ముడుపుల కథ. తర్వాత జర్నలిస్టు చిత్రా సుబ్రమణ్యం మూడు వందల యాభైకి పైగా కాగితాలు సంపాదించి కథ మీద కథ రాశారు. ఆ కాగితాలు ఇచ్చింది ఎవరో ఆమె పాతికేళ్లు చెప్పలేదు. 2012 ఏప్రిల్‌లో ఇచ్చినాయనే ముందుకొచ్చాడు: స్టెన్ లిండ్‌స్ట్రోమ్, స్వీడన్‌లో ఆ కేసు దర్యాప్తు నడిపిన పోలీసు అధికారి. తన ఘనత చెప్పుకుని ఊరుకోలేదాయన. బచ్చన్ కుటుంబానికి ఇందులో సంబంధం లేదని, ఆ పేరు కావాలని ఇరికించారని చెప్పాడు. రాజీవ్ గాంధీ డబ్బు తీసుకున్నట్టు ఆధారం లేదన్నాడు, కప్పిపుచ్చుతుంటే చూస్తూ ఊరుకున్నాడని కూడా అన్నాడు. అమితాబ్ బచ్చన్ ఆ గొడవల్లోనే 1987లో అలహాబాద్ ఎంపీ పదవి వదులుకున్నాడు. పాతికేళ్ల తర్వాత, కాగితాలు చూసిన మనిషి నోటి నుంచి ఆ మాట వచ్చింది. లిండ్‌స్ట్రోమ్ నోరు విప్పినందువల్ల జరిగిన మంచిలో నేను ఎక్కువ విలువిచ్చేది దీనికే. తప్పుగా పడ్డ పేరును తుడవడం లోపలి మనిషి ఒక్కడే చేయగల పని.

మీ బాబాయి పేరును తుడవగలిగేది కూడా ఇవాళ లోకంలో ఒక్కరే. ఆయనకు ఎనభై ఆరేళ్లు, మరుపు మొదలైంది.

ఇంకో సంగతి. రెండు ఇంక్రిమెంట్లు అప్పుడెప్పుడో పోయాయి, పాత కథ అనుకుంటున్నారేమో. సర్వీసు లెక్కలు తెలిసిన ఇంట్లో పుట్టిన మీకు నేను చెప్పక్కర్లేదు. శాశ్వతంగా కోసిన ఇంక్రిమెంటు ఆ ఏడాదితో ఆగదు. జీతం మళ్లీ లెక్కగట్టే ప్రతి పే ఫిక్సేషన్‌లోనూ వెంట వస్తుంది, ఆఖరి జీతాన్ని తగ్గిస్తుంది. ఫ్యామిలీ పెన్షను కట్టేది ఆ ఆఖరి జీతం మీద. అంటే ప్రతి ఒకటో తారీఖున పిన్ని బ్యాంకు ఖాతాలో పడే డబ్బులో ఆ ఒరిగిన 'ఇ' అక్షరం ఇప్పటికీ ఉంది. సంక్రాంతి బియ్యం బస్తా ఆ లోటు పూడుస్తుందని నాన్నగారు కూడా అనుకుని ఉండరు.

ఇలా రాస్తున్నానని నాన్నగారిని నేను తక్కువ చేస్తున్నాననుకోకండి. ఆ రోజుల్లో ఆ నోటు బయట పెట్టడం అంటే ఉద్యోగాన్ని, ఇద్దరు పిల్లల్ని పణంగా పెట్టడమే. అది ధైర్యమే. పక్క సీటు మనిషి సస్పెండైతే నోరు మెదపకపోవడం పిరికితనమే. రెండూ ఒకే మనిషి, ఒకే నెలలో చేశారు. కసి ప్రశ్నకూ నా జవాబు ఇలాంటిదే. ఫెల్ట్ ఎందుకు చేశాడన్న వాదన ఇప్పటికీ తెగలేదు. కుర్చీ దక్కని ఉక్రోషమని కొందరు, దర్యాప్తును వైట్‌హౌస్ తొక్కేస్తోందన్న మంట అని కొందరు. ఆ ఫెల్టే వేరే వ్యవహారంలో వారంటు లేకుండా జనం ఇళ్లల్లో సోదాలు చేయించినందుకు 1980లో దోషిగా తేలాడు, మరుసటి ఏడాది అప్పటి అధ్యక్షుడు రీగన్ క్షమాభిక్ష పెట్టాడు. ఆ విచారణలో ఫెల్ట్‌కు మేలు చేసే సాక్ష్యం చెప్పింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ నిక్సన్! ఇలాంటి మనిషిని ఏ గూట్లో పెడతాం చెప్పండి. ప్రమోషను పోయిన మంట ఉన్నంత మాత్రాన నోటులో రాసింది అబద్ధమవదు. ఆ ప్రమోషను సంగతి మాత్రం అన్నయ్యకు మీరే చెప్పండి. మీరు దాచినదాన్ని పుస్తకం రాసే ఆయన తవ్వి తీస్తే అన్నాచెల్లెళ్ల మధ్య అది ఇంకో గొడవ.

ఇక పొద్దుటి నాన్న, సాయంత్రం నాన్న. ఫెల్ట్ ఇంట్లోనూ ఇదే జరిగింది. ఏళ్ల తరబడి అడిగినవాళ్లందరికీ కాదన్నాడు. 1999లో ఒక పత్రికతో, నేనైతే ఇంతకంటే బాగా చేసేవాణ్ని అని కూడా అన్నాడు! ఇంట్లోవాళ్లకు తెలిశాక కూడా అవునంటూ కాదంటూ ఊగాడు, ఎఫ్‌బీఐ మనిషి ఇలా చేయడం గౌరవమా అని మథనపడ్డాడు. చివరికి చెప్పేటప్పటికి జ్ఞాపకశక్తి బాగా సన్నగిల్లింది. అందుకే ఆయన నిజంగా ఒప్పుకున్నాడా, ఇంటివాళ్లు ఒప్పించారా అన్న మాట అప్పుడూ వచ్చింది. ప్రాణం ఉండగా పేరు చెప్పనని మాటిచ్చిన వుడ్‌వర్డ్ కూడా, ఈ స్థితిలో మనిషి ఇచ్చే అనుమతి అనుమతేనా అని తటపటాయించాడు. పిల్లల చదువుల అప్పులున్నాయి, నాలుగు డబ్బులొస్తే తప్పేమిటని కూతురు దాపరికం లేకుండా చెప్పింది. నాకు ఆవిడ మీద కోపం లేదు, ఆ మాట ఒప్పుకునే నిజాయితీ ఎందరికుంటుంది. కానీ మీ ఇంట్లో ఎవరికి ఏం కావాలో ముందు మీరు ముగ్గురూ ఒకరికొకరు చెప్పుకోవాలి. అన్నయ్యకు కావలసింది నాన్న పేరు, మీకు కావలసింది నిద్ర. నాన్నకు ఏం కావాలో అడిగారా? "చెప్పమంటావా వద్దా" అని అడగొద్దు. దానికి ఆయన దగ్గర రోజుకు రెండు జవాబులున్నాయి. "ఎవరికి చెప్పాలనుంది నాన్నా" అని అడిగి చూడండి. నా అనుమానం, పొద్దునైనా సాయంత్రమైనా ఒకే పేరు వస్తుంది.

డాక్టరుకు ఒకసారి చూపించి, ఆయన మనసు తేటగా ఉండే వేళ ఏదో గమనించండి. ఆ వేళలో, తొందరపెట్టకుండా, రెండు మూడు రోజుల్లో కాస్త కాస్తగా ఆయన చేతే రాయించండి. రాయలేకపోతే చెప్పిస్తూ ఫోనులో రికార్డు చేయండి. తారీఖులు తప్పినా సరిదిద్దొద్దు, ఆయన మాటలు ఆయనవే ఉండనివ్వండి. ఇది మీరు ఏ దారి పట్టినా పనికొస్తుంది.

దారులంటారా, నాకు కనపడుతున్నవి ఇవీ.

ఏమీ చెప్పకుండా ఆయన పోయేదాకా ఆగొచ్చు. నాన్నగారికి ఎవరి ముందూ తలదించుకునే పని ఉండదు. తర్వాత ఆ కార్బన్ కాగితం మీ చేతికి వస్తుంది, దాంతోపాటు పిన్నికి చెప్పే పని కూడా మీ నెత్తిన పడుతుంది. "బతికుండగా మీ నాన్న ఎందుకు చెప్పలేదు?" అని ఆవిడ అడిగితే మీ దగ్గర జవాబుండదు. ఈలోగా ఆవిడే పోతే అసలు అడిగేవాళ్లే ఉండరు. అది మరీ కష్టం. పైగా పుస్తకం రాసే ఆయన ఇప్పటికే మీ ఇంటి నంబరు తిప్పాడు. రహస్యం అనుకున్నది చాలామందికి తెలిసే ఉంటుంది. ఫెల్టే లీకు చేస్తున్నాడని నిక్సన్‌కు 1972 అక్టోబరులోనే ఆయన ముఖ్య అధికారి హాల్డెమన్ చెప్పాడు. కదిలిస్తే ఉన్నదంతా కక్కేస్తాడని భయపడి ఊరుకున్నారు.

అన్నయ్య అన్నట్టు నేరుగా పేపర్లో వేయించొచ్చు. నాన్నగారికి పేరొస్తుంది, పాత స్నేహితులు ఫోన్లు చేస్తారు. ఆ పెద్దమనిషి కుటుంబం ఊరుకోకపోవచ్చు. చనిపోయినవారి మీద రాసినా, అది వాళ్ల వాళ్లను నొప్పించేదైతే పరువునష్టం కేసు పెట్టే వీలు మన చట్టంలో ఉంది. అచ్చులో ఏ మాట నిలుస్తుందో, ఏది నిలవదో వకీలు చూడాల్సిందే. పెన్షను పోతుందేమోనని నాన్నగారి బెంగ అని రాశారు. రిటైరైన ఉద్యోగి మీద నాలుగేళ్లు దాటిన పాత సంఘటనకు శాఖాపరమైన చర్య కొత్తగా మొదలుపెట్టడానికి పెన్షను నిబంధనలు ఒప్పుకోవు. ఆ బెంగ చాలావరకు తీసేయొచ్చు. అయినా సర్వీసు కేసులు చూసే వకీలు చేత ఒకసారి ఆ మాట అనిపించండి, మీకంటే ఆయనకు ధైర్యంగా ఉంటుంది. లోపలి అవినీతిని బయటపెట్టేవాళ్లకు, అంటే విజిల్ బ్లోయర్లకు, రక్షణ చట్టం ఉందిగా అని అన్నయ్య రాశాడట. 2014లో రాష్ట్రపతి సంతకమైన చట్టమది. అధికారులకు పేరు చెప్పి చేసే ఫిర్యాదుల కోసం పెట్టింది, అదీ ఏడేళ్ల లోపు జరిగినవాటికి. పత్రికకు కాగితం ఇచ్చిన మనిషికి అందులో చోటు లేదు. దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఈ దారిలో నాకు అస్సలు నచ్చనిది, పిన్ని ఆ సంగతి పేపర్లో చదవడం. పొద్దున్నే పాలవాడు వచ్చేవేళకు, గుమ్మంలో.

మూడోది, పిన్నికి ముందు చెప్పడం. ఇది తేలికైన దారి అని మభ్యపెట్టను. ఆవిడ తలుపు వేసుకోవచ్చు. ఇన్నేళ్లు మా ఇంటి గడప తొక్కి బియ్యం ఎలా ఇచ్చారన్నయ్యగారూ అని అడగొచ్చు. ఫీజు డబ్బు లెక్కగట్టి తిరిగి మీ ముఖాన పడేయొచ్చు, వాళ్లబ్బాయి ఇంకా గట్టిగా మాట్లాడొచ్చు. ఆవిడకు ఆ హక్కుంది. ఏమీ అనకుండా కాఫీ పెట్టినా పెట్టొచ్చు. ముసలివాళ్ల దగ్గర ఏం జరుగుతుందో చెప్పలేం. క్షమాపణ అడిగితే దక్కి తీరాలని మాత్రం వెళ్లొద్దు. అడగడం వరకే మీ నాన్నగారి పని.

వాళ్లకు మీరు ఇవ్వగలిగింది ఒకటుంది. నాన్నగారి వాంగ్మూలం, సంతకంతో, ఆ కార్బన్ నకలుతో. దాన్ని పెట్టి బాబాయి మీది శిక్షను పునఃపరిశీలించమని శాఖకు అర్జీ పెట్టుకోవాలా వద్దా అన్నది వాళ్లిష్టం. ఇంత ఆలస్యానికి డబ్బు వస్తుందన్న ఆశ పెట్టను, అలాంటివి ఒప్పుకోవడం అరుదు. అయినా ఆ కాగితం వాళ్లింట్లో ఉండటం వేరు. వాళ్లబ్బాయి తన పిల్లలకు చూపించుకుంటాడు.

ఆ తర్వాత పేపరు సంగతి. అప్పుడు కూడా ఒక్క షరతు: కథ వస్తే అందులో బాబాయి పేరు ఉండాలి, నాన్నగారు మౌనంగా ఉన్నారన్న వాక్యమూ ఉండాలి. అన్నయ్య దీనికి ఒప్పుకోకపోతే, ఆయనకు కావలసింది నాన్న కథ కాదని మీకే తెలిసిపోతుంది. పిన్ని పేరొద్దంటే పేరొద్దు, మొత్తం వద్దంటే మొత్తం వద్దు. పుస్తకం రాసే ఆయనకు అంతవరకు ఇంకో ఫోను చేసి, "తెలియదు అన్నది తొందరపాటు, నెల రోజులు ఆగండి" అనండి. అబద్ధం మీద ఇంకో అబద్ధం ఎక్కకుండా ఉంటుంది.

ఇన్ని చెప్పినా, నాన్నగారు తేట మనసుతో ఉన్నప్పుడు "పిన్నికి కూడా వద్దు" అంటే? అప్పుడు నా దగ్గర శుద్ధమైన జవాబు లేదు. ఆయన రహస్యం ఆయనది, నిజమే. కానీ ఆ రహస్యానికి కట్టిన కిరాయి వేరేవాళ్లది. నేనైతే ఆయన మాట మన్నించి ఆయన ఉన్నన్నాళ్లూ ఆగుతానేమో, లేదా ఆగలేనేమో. మీరు ఏది చేసినా నేను తప్పు పట్టను.

వెళ్లడమే ఖాయమైతే పొద్దున పూటే వెళ్లండి, కాఫీ అయ్యాక, ఆయన మాట తడబడక ముందు. మీరు పక్కన కూచోండి కానీ ఆయన తరఫున మాట్లాడొద్దు. బియ్యం, పళ్లు ఏమీ పట్టుకెళ్లొద్దు ఈసారి. పంచాంగం పట్టుకెళ్లండి. ఆ కార్బన్ ఇప్పటికే పెళుసెక్కి ఉంటుంది, మడత దగ్గర చిరిగిపోతుంది, రెండు గాజు పలకల మధ్య పెట్టించండి. ఫొటో కూడా తీసుకోండి. అన్నయ్యకు మాత్రం వాట్సాప్‌లో పంపకండి, పిన్ని చూసేదాకా.